కోయాలా, కాచుకోవాలా

మా నాన్నగారు 1995లో కొన్న మారుతి 800 ఇప్పటికీ మా ఇంటి ముందే ఉంది. తెల్ల కారు, ఏపీ 31 నంబరు. పెదవాల్తేరులో మా ఇంటికీ సముద్రానికీ మధ్య పెద్ద అడ్డేమీ లేదు. గాలి అటునుంచి తిరిగిన సాయంత్రం కిటికీ ఊచ మీద చెయ్యి వేస్తే జిడ్డుగా తగులుతుంది, వేలు నాలుకకి ఆనిస్తే ఉప్పన. ఆ ఉప్పు ఈ కారు మీద 30 ఏళ్లుగా పడుతూనే ఉంది.

మొన్న వెనక చక్రం పంక్చరైతే జాకీ పెట్టి తిప్పాను. కారు లేవలేదు. జాకీ తల మాత్రం తలుపు కింది రేకులోకి కరకరమంటూ దిగిపోయింది. దోసెడు ఎర్ర పొడి నేల మీద రాలింది. నాలుగేళ్ల కిందట సరిగ్గా అక్కడే ఒక షాపులో బాగుచేయించాను. రంగు నిగనిగలాడుతుంటే సంతోషంగా డబ్బు ఇచ్చి వచ్చాను.

పక్కింటి అబ్బాయి ఇంకో చోట జాకీ ఆనించి చక్రం మార్చిపెట్టాడు. కారు నెమ్మదిగా గాజువాక ఆటోనగర్‌కి తీసుకెళ్లాను. అక్కడ నాకు తెలిసిన టింకరింగ్ మేస్త్రి ఉన్నాడు. వెంట మా బాబాయి వచ్చాడు. ఆయన షిప్‌యార్డులో పెయింటింగు సెక్షన్‌లో చేసి రిటైరయ్యాడు. ఇనుము మీద రంగు ఎందుకు నిలుస్తుంది, ఎందుకు లేచిపోతుంది అన్నదే ఆయన జీవితం. ఇద్దరూ నా మంచి కోరేవాళ్లే. ఇద్దరి మాటా ఒకటి కాలేదు. ఆ పూట వాళ్లు అనుకున్నది గుర్తున్నంత వరకూ రాస్తున్నాను.

మేస్త్రి: అమ్మా, ఈ అయస్కాంతం పట్టుకోండి. పాత స్పీకరులోది. తలుపు మధ్యలో పెట్టండి. అతుక్కుంది కదా? అలాగే కిందకి జరుపుతూ రండి.

(జరిపాను. తలుపు అంచు దాటి రన్నింగ్ బోర్డు మీదకి రాగానే అయస్కాంతం పట్టు వదిలి నా పాదం మీద పడింది.)

మేస్త్రి: అక్కడ రేకు లేదు. పుట్టీ ఉంది. దాని మీద మీరు డబ్బిచ్చిన రంగు ఉంది.

ఉలి ఆనించి సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. అరిసె మందాన పుట్టీ బిళ్ల ఊడి వచ్చింది. దాని వెనక దోమతెర జాలీ ముక్క. జాలీ వెనక మడతలు పెట్టి కుక్కిన న్యూస్‌పేపరు. పేపరు ఇంకా చెమ్మగానే ఉంది. చెమ్మని నాలుగేళ్లు నేనే రేకు పక్కన కట్టిపెట్టి ఉంచానన్న మాట. ఆ చుట్టూ మిగిలిన ఇనుము మడతకాజా పొరల్లా విడివడి ఉంది, ముట్టుకుంటే పొర వెనక పొర రాలుతోంది. మోసపోయానన్న కోపం కంటే, నాన్నగారి కారుకి నా చేతులతో ఈ పని చేయించానే అన్న బాధే ఎక్కువ కలిగింది.

మేస్త్రి: ఇంక మాటలెందుకు గురువుగారూ. రన్నింగ్ బోర్డు రెండు పక్కలా కోసేస్తాను. నాలుగు తలుపుల కింద జానెడు కోస్తాను. వెనక మడ్‌గార్డు అంచులు కోస్తాను. 20 గేజీ కొత్త రేకు తెచ్చి వంచి, సీఓటూ వెల్డింగ్ పెడతాను. చెద పట్టిన వాసానికి వార్నిష్ వేస్తే ఇల్లు నిలుస్తుందా?

బాబాయి: చెద వేరు, తుప్పు వేరు మేస్త్రీ. చెదకి కర్ర ఒక్కటి దొరికితే చాలు. తుప్పుకి ఇనుము ఒక్కటే చాలదు, నీళ్లూ గాలీ రెండూ అందాలి. ఒకదాన్ని ఆపు, ఉన్నచోటే ఆగిపోతుంది. ఆగిపోయే దాని కోసం మంచి ఇనుము కోసి పారేస్తానంటావేమిటి?

మేస్త్రి: ఎలా ఆపుతారండీ? పైన రంగు వేసి ఆపుదామనుకున్నారు ఇంతకు ముందువాళ్లు కూడా.

బాబాయి: వాళ్లు తుప్పు మీద వేశారు. నేను ఉక్కు మీద వెయ్యమంటున్నాను. ఈ తలుపు చూడు. కింద అంచున రంగు కందిపప్పంత పొక్కులు లేచింది. రేకు తుప్పయితే దాని ఒళ్లు కొన్ని రెట్లు ఉబ్బుతుంది, అందుకే రంగుని పైకి నెట్టింది. పొక్కు గీకు. (గోరుతో గీకాడు.) స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడిచి చూడు. దిగిందా?

మేస్త్రి: దిగలేదు.

బాబాయి: తట్టు. కంచం మీద తట్టినట్టు ఖంగుమంటోంది. రన్నింగ్ బోర్డు మీద తట్టు, తడి అట్టపెట్టె మీద తట్టినట్టు దబ్బుమంటుంది. నీ చేతికీ చెవికీ తెలిసిన తేడాయే కదా ఇది. ఖంగుమన్న చోట కట్టరు ఎందుకు?

మేస్త్రి: ఇవాళ ఖంగుమంటుంది, రెండేళ్లకి దబ్బుమంటుంది. మీది ఓడ లెక్క గురువుగారూ. ఓడకి 12 మిల్లీమీటర్లో 15 మిల్లీమీటర్లో ప్లేటు ఉంటుంది. తుప్పుకి ఇంత పోతుందని ముందే మందం కలిపి కడతారని మీరే ఓసారి చెప్పారు. ఈ కారు రేకు మొత్తం కలిపి ఒక మిల్లీమీటరు లేదు. ఓడ ఒక మిల్లీమీటరు పోగొట్టుకుంటే గీరేసి రంగు వేస్తారు. కారు ఒక మిల్లీమీటరు పోగొట్టుకుంటే కన్నం. పైగా దీనికి లారీలాగా అడుగున ఛాసిస్ లేదు, ఒళ్లే ఎముక. రన్నింగ్ బోర్డు అనే ఈ పెట్టె రేకు మీదే మధ్య స్తంభం నిలబడింది, సీటు బెల్టు బోల్టు దిగింది ఆ స్తంభం అడుగునే. పక్కనుంచి ఒక ఆటో గుద్దితే పుట్టీ ఆపుతుందా?

బాబాయి కాసేపు మాట్లాడలేదు. ఈ మాటకి జవాబు లేదని నాకూ అనిపించింది. రంగు పోయిందని కారు బాగుచేయించేవాళ్లం తుప్పుని అందం సంగతిగానే చూస్తాం. అది ముందుగా మనిషి ప్రాణం సంగతి. అమ్మే ముందు పుట్టీ కుక్కి రంగు కొట్టిన పాత కారులో కొన్నవాడి పిల్లలు కూర్చుంటారు.

బాబాయి: సరే. రన్నింగ్ బోర్డు కొయ్యి. అక్కడ కోయకపోతే తప్పు. కానీ కోసి, అతికి, తర్వాత ఏం చేస్తావు?

మేస్త్రి: గ్రైండింగ్ చేస్తా, రెడ్ ఆక్సైడ్ కొడతా, పుట్టీ పల్చగా లాగుతా, రంగు.

బాబాయి: అంతా బయటే కదా. లోపల?

మేస్త్రి: లోపల ఏముంటుందండీ, మూసేసిన పెట్టె.

బాబాయి: నీ కథ అంతా అక్కడే తిరగబడుతుంది మేస్త్రీ. నువ్వు బయట వెల్డింగ్ పెట్టినప్పుడు అదే వేడికి వెనకవైపు ఉన్న పాత రంగు కాలిపోతుంది. అతుకు పొడుగునా ఉక్కు బోసిగా, నీలంగా మిగిలిపోతుంది. అక్కడికి నీ బ్రష్ పోదు. తలుపు అద్దం పక్కనుంచి జారిన వాన నీళ్లు, రోడ్డు మీంచి ఎగిరిన నీళ్లు ఆ పెట్టెలోకే చేరతాయి. కొత్త రేకు కాబట్టి ఆగుతుందనుకుంటావు. పాత రేకుకైనా కంపెనీ వేసిన రంగు ఉంది, నీ కొత్త రేకుకి లోపల అదీ లేదు. నీ అతుకే ముందు పోతుంది, చూసుకో.

మేస్త్రి: మా ఉస్తాదు దానికి కాలిన ఇంజనాయిలు పోసేవాడు. కన్నంలోంచి సీసాడు.

బాబాయి: నూనె ఉన్నచోట తుప్పు రాదన్న మాట నిజమే. ఆ నూనె అన్నది తప్పు. కాలిన ఆయిల్లో ఆమ్లం ఉంటుంది, ఇంజను అరిగిన పొడి ఉంటుంది. రబ్బరు బుష్‌లని మెత్తబరుస్తుంది. రోడ్డు మీద కారుతుంది. నీ చేతి చర్మానికి అంతకన్నా చెడ్డది, దాన్ని ఒంటి మీద పడనివ్వకు. మైనంలా పట్టుకుని ఉండేవి వేరే వచ్చాయి, గొర్రె ఉన్ని కొవ్వుతో చేసినవీ ఉన్నాయి. సన్న గొట్టం చివర చుట్టూ చిమ్మే నాజిల్ పెట్టి, పెట్టె లోపల ఈ కొస నుంచి ఆ కొసదాకా లాగుతూ కొడతారు. అవి గట్టిపడవు, అతుకు సందుల్లోకి పాకుతాయి.

మేస్త్రి: అడుగున నల్లగా అండర్ కోటింగ్ కొట్టిస్తే సరిపోదా? అందరూ అదే అడుగుతారు.

బాబాయి: శుభ్రమైన రేకు మీద కొడితే మంచిదే. తుప్పు మీద కొడితే ఇందాకటి న్యూస్‌పేపరే. తారు పొర ఎక్కడో చీలుతుంది, నీళ్లు వెనక్కి పోతాయి, బయటికి రావు. పైకి నల్లగా బాగానే కనిపిస్తుంది.

ఈలోగా మేస్త్రి కుర్రాడు కారు లోపల మ్యాట్లు లేపాడు. రబ్బరు మ్యాటు కింద జనపనార, దాని కింద ఫ్లోరు. డ్రైవరు పక్క సీటు కాళ్ల దగ్గర చెయ్యంత మేర ఎర్రబడి ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు వెనక అద్దం పగిలి కారు లోపలంతా తడిసింది. కరెంటు లేదు, పాలు లేవు, ఇంటి పైకప్పు సంగతి చూసుకోవడంలో కారుని ఎవరూ పట్టించుకోలేదు. జనపనార పైన ఆరినట్టే కనిపించింది.

బాబాయి: ఇది తీసి పారెయ్యమ్మా. కొత్తది వెయ్యకపోయినా ఫరవాలేదు. ఇంకో సంగతి, ఏసీ నీళ్లు పోయే గొట్టం మూసుకుపోతే ఆ నీళ్లు కూడా ఈ పక్కకే కారతాయి. చూపించుకో.

మేస్త్రి: ఫ్లోరు కూడా కోద్దామా?

బాబాయి: పొడిచి చూడు. దిగదు. దీన్ని కోయనివ్వను.

ఇక్కడినుంచి వాదన ఫ్లోరు, తలుపుల మీద పడింది. మేస్త్రి మొండివాడు కాదు, కానీ 28 ఏళ్లలో తుప్పు తిరగబెట్టి తన దగ్గరకే వచ్చిన కార్లని ఎన్నో చూశాడు. అతని అనుమానం ఊరికే పుట్టింది కాదు.

మేస్త్రి: నేనూ గీకి వేశానండీ. వైర్ బ్రష్‌తో తెల్లగా మెరిసేదాకా గీకి, థిన్నరుతో తుడిచి, ప్రైమరు కొట్టి చూశాను. మన ఊళ్లో ఏడాదిన్నరకి మళ్లీ పొక్కులు. రాజమండ్రి బండికి రాలేదు, బీచ్ రోడ్డు బండికి వచ్చింది. ఎందుకో మీరే చెప్పండి.

బాబాయి: థిన్నరుతో తుడిచావా?

మేస్త్రి: రెండుసార్లు తుడిచాను.

బాబాయి: ఉప్పు థిన్నరులో కరుగుతుందా మేస్త్రీ?

మేస్త్రి చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

బాబాయి: జిడ్డు థిన్నరుకి పోతుంది. ఉప్పు నీళ్లకే పోతుంది. తుప్పు గుంటల అడుగున ఉప్పు కూర్చుని ఉంటుంది, కంటికి కనపడదు. నువ్వు మెరిసేదాకా గీకావు, గుంటలో ఉప్పుని అలాగే ఉంచి పైన రంగు మూతేశావు. ఏ రంగయినా కొంచెం ఆవిరిని లోపలికి రానిస్తుంది. లోపల ఉన్న ఉప్పు ఆ ఆవిరిని లాగి నీళ్లు చేసుకుంటుంది. అదే నీ పొక్కు. షిప్‌యార్డులో మేం మొదట చేసేది మంచినీళ్లతో కడగడం. ఆ తర్వాతే ఇసక కొట్టడం, కొట్టాక ఉప్పు ఇంకా ఉందేమో పరీక్ష పెట్టడం.

మేస్త్రి: తెల్లగా గీకిన రేకు మీద నీళ్లు పోయమంటారా? గంటలో ఎర్రబడుతుంది కదండీ!

బాబాయి: గంట ఎందుకు ఇస్తావు? మంచినీళ్లతో రుద్ది కడుగు, కంప్రెసరు గాలితో ఆరబెట్టు, మళ్లీ ఒక్కసారి బ్రష్ తిప్పు, వెంటనే ఎపాక్సీ ప్రైమరు వెయ్యి. రెడ్ ఆక్సైడ్ ఒక్కటే వేసి వారం వదిలెయ్యకు, అది చెమ్మ పీలుస్తుంది. పుట్టీ కూడా పీలుస్తుంది. అందుకే ముందు ఎపాక్సీ, పుట్టీ కావాలంటే దాని మీద. బోసి రేకు మీద పుట్టీ ఎప్పుడూ వద్దు.

మేస్త్రి: పొద్దున్నే మొదలెడితే మధ్యాహ్నానికి అయిపోతుంది.

బాబాయి: పొద్దున్నే వద్దు. మన ఊరి పొద్దున రేకు మీద కంటికి కనపడని మంచు ఉంటుంది. మాకు ఓడ మీద ఒక లెక్క ఉండేది. గాల్లో తేమ 85 శాతం దాటితే డబ్బా మూత తీయకూడదు. రేకు వేడి, మంచు పట్టే వేడి కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. నీ దగ్గర ఆ మీటర్లు లేవు. ఎండెక్కాక 11 గంటలకి మొదలెట్టి సాయంత్రం గాలి తిరిగే లోపు ముగించు. ఇంకోటి విను. ఉప్పు గాల్లో తేమ 75 శాతం దాటగానే తనంతట తను నీరవుతుంది. ఉప్పు జాడీ మూత తీసి పెడితే మన ఇళ్లలో ఏమవుతుందో తెలుసు కదా. వాన పడకపోయినా ఈ కారు తడుస్తూనే ఉంటుంది. రాజమండ్రికీ మనకీ తేడా అదే.

ఉప్పు జాడీ మాట నాలో నిలిచిపోయింది. మా వంటింట్లో జాడీలో రెండు బియ్యపు గింజలు వేసి ఉంచుతాం. అదే ఉప్పు ఇంటి బయట రేకు మీద ఏం చేస్తుందో ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆలోచించలేదు.

మేస్త్రి: గుంటల్లో బ్రష్ అందని తుప్పు ఉండిపోతుంది కదా. దానికేం చేస్తారు?

బాబాయి: దానికి మందుంది. ఫాస్ఫారిక్ ఆమ్లం పూస్తే ఆ పల్చటి తుప్పు ఫాస్ఫేటుగా మారి గట్టిపడుతుంది. ఇంకో రకం మందు నల్లగా మారుస్తుంది. మా తాతగారి కాలంలో కరక్కాయ రసంలో అన్నభేది వేసి నల్ల సిరా చేసేవారు, ఎరుగుదువా? కరక్కాయలో ఉండే వగరు ఇనుముతో కలిస్తే నలుపు. ఆ మందు పని కూడా అదే. కానీ పొరలు కట్టిన తుప్పు మీద పోస్తే పైపొరే మారుతుంది, అడుగున పని సాగుతూనే ఉంటుంది. గీకాల్సినదంతా గీకాకే మందు.

మేస్త్రి: కోయడం నాకు అర్ధరోజు. మీరు చెప్పిందంతా చెయ్యాలంటే మూడు రోజులు. ఎవరిస్తారండీ మూడు రోజుల కూలి? పుట్టీ పెట్టేవాడు పక్క షెడ్డులో సాయంత్రానికి బండి ఇచ్చేస్తున్నాడు.

ఆ మాటకి బాబాయి దగ్గర షిప్‌యార్డు లెక్క ఏదీ లేదు. మా చేత పుట్టీ పెట్టించేది మా తొందరే. సాయంత్రానికి కావాలంటాం, తక్కువలో కావాలంటాం, నిగనిగలాడాలంటాం. న్యూస్‌పేపరు కుక్కినవాడు తప్పు చేశాడు. అయితే పని మధ్యలో ఒక్కసారైనా వెళ్లి, రంగు వేసే ముందు రేకు చూపించమని నేను అడగలేదు. అడిగి ఉంటే ఆ పేపరు అక్కడ ఉండేది కాదు. మూడు రోజుల కూలి నేనిస్తానని మేస్త్రికి చెప్పాను.

మేస్త్రి: ఒక అనుమానం. ఓడకి అడుగున జింకు దిమ్మలు బిగిస్తారంటారు, అవి తరిగిపోతూ ఓడని కాపాడతాయని. కారుకి ఒక దిమ్మ బిగిస్తే పోదా? కరెంటుతో తుప్పు ఆపే డబ్బా అని కూడా అమ్ముతున్నారు.

బాబాయి: ఓడ అడుగునా, దిమ్మా రెండూ ఒకే సముద్రంలో మునిగి ఉంటాయి. ఆ నీళ్లే వాటిని కలుపుతాయి. కారు గాల్లో ఉంది. దిమ్మ పక్కనున్న నాలుగు వేళ్ల మేర తడిసినప్పుడు ఏమైనా మేలు జరిగితే జరుగుతుంది, తలుపుకి ఏం చేస్తుంది? ఆ డబ్బాలదీ అదే సంగతి. జింకు కావాలంటే నీ వెల్డింగ్ అతుకుల్లో జింకు ప్రైమరు పుయ్యి, అక్కడ రేకుని ఆనుకుని ఉంటుంది.

చివరికి మేస్త్రి సుద్దముక్కతో కారు మీద గీతలు గీశాడు. రన్నింగ్ బోర్డులు రెండూ కోత. కుడి వెనక మడ్‌గార్డు అంచు కోత, అది స్క్రూడ్రైవరుకి దిగింది. ఫ్లోరు, మూడు తలుపులు గీకి కడిగి కాచుకోవడం. నాలుగో తలుపు దగ్గర ఇద్దరికీ కుదరలేదు. ఒక చోట సూదిబెజ్జమంత కన్నం ఉంది. సూదిబెజ్జం కనిపించిందంటే లోపల రూపాయి బిళ్లంత పోయినట్టేనని మేస్త్రి అన్నాడు. ఆ రూపాయి బిళ్లంతే కోయమని, జానెడు వద్దని బాబాయి అన్నాడు. మేస్త్రి లోపలివైపు అట్ట ఊడదీసి టార్చి వేసి చూపించాడు. అతనన్నదే నిజం, ఇంకా ఎక్కువే పోయింది. ఆ తలుపు కోయించాను.

వెల్డింగ్ రోజు నేను షెడ్డులోనే కూర్చున్నాను. మేస్త్రి ఒకే గీతగా లాగలేదు. ఇక్కడొక చుక్క, జానెడు అవతల ఒక చుక్క, చెయ్యి ఆనించి చల్లారిందని చూసుకుని మధ్యలో ఇంకో చుక్క. ఒకేసారి లాగితే పల్చటి రేకు అప్పడంలా వంకర తిరుగుతుందట. పక్క షెడ్డు కుర్రాళ్లు నిలబడి చూశారు. మూడో రోజు మధ్యాహ్నం పెట్టెలోకి గొట్టం పెట్టి మైనం చిమ్మితే, అవతలి కొస కన్నంలోంచి తేనె రంగు చుక్క ఒకటి బయటికి వచ్చి వేలాడింది. అది చూసి బాబాయి లేచాడు.

కారు అమ్మేసి కొత్తది కొనుక్కోవచ్చు కదా అనేవాళ్లున్నారు. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 రూపాయల నుంచి 5000కి పెరిగింది, అయిదేళ్లకోసారి పరీక్షకి పోవాలి, గ్రీన్ టాక్స్ కట్టాలి. ఈ ఖర్చులు నాకు తెలుసు. పొగ ఎక్కువై, ఎముక మొత్తం పోయిన బండిని ఉంచుకోమని నేనెవరికీ చెప్పను. ఈ కారు ఎముక బాగుచేస్తే నిలుస్తుందని ఇద్దరు పనిమంతులు చూసి చెప్పారు. నాకు అది చాలు. కొత్త కారు కొన్నా ఇదే గాలిలో, ఇదే గోడ పక్కన పెట్టాలి.

వచ్చేముందు మేస్త్రి నా చేతిలో చిన్న తీగ ముక్క పెట్టాడు. తలుపు అడుగు అంచున నీళ్లు పోవడానికి కంపెనీ పెట్టిన కన్నాలు ఉంటాయి. మట్టి చేరి మూసుకుపోతే తలుపు లోపల నీళ్లు నిలిచిపోతాయి. నా కారు నాలుగు తలుపుల్లో మూడింటికి అవి మూసుకుపోయి ఉన్నాయి, ఒక తలుపుకి రంగు వేసినవాళ్లు పుట్టీతోనే మూసేశారు. మీ ఇంట్లో పాత కారు ఉంటే ఈ ఆదివారం పది నిమిషాలు కింద కూర్చుని ఆ కన్నాలు వెతకండి, తీగతో పొడవండి. కారు అడుగున వారానికోసారి మంచినీళ్లు కొట్టండి. గాలాడని ప్లాస్టిక్ కవరు కప్పి ఉంచితే తీసేయండి. షెడ్డుకి ఇచ్చినప్పుడు, రంగు వేసే ముందు రేకు చూపించమని అడగండి.